ముద్రణ పదాలకు బొమ్మల తోడు

పుస్తకంలో దొర్లిన తప్పులన్నింటినీ ముద్రారాక్షసాల నెత్తిన వేయడం మన రచయితలకు చిరకాలపు అలవాటు. ఆ రాక్షసులు నివసించే చోటును చూచినవారు మాత్రం మనలో తక్కువ. గ్యాలీకి ఫారానికి భేదమేమిటో చెప్పగల రచయిత అరుదు. సీసపు అక్షరాల కాలం దాదాపుగా ముగిసి, కూర్పు కంప్యూటరుకు చేరిన ఈనాడు ఆ మాటలు మరింత దూరమైనవి. కావున రూపకల్పన అభ్యసించే విద్యార్థులు కొన్ని వారాల శిక్షణకై ముద్రణాలయానికి వెళ్ళినప్పుడు, వారిచేత చేయించదగిన పని ముద్రణ పదాలకు ఒక సచిత్ర దీపిక. అది ఎట్లుండవలెనో ఇక్కడ చెప్పదలచినాను.

వృత్తిపదాలను బొమ్మలతో వివరించడం కొత్త కాదు. లండనులో జోసెఫ్ మాక్సన్ 1683-84లో వెలువరించిన ముద్రణకళా గ్రంథంలో పనిముట్లను చెక్కడపు చిత్రాలతో చూపినాడు. మన భాషలో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తిపదకోశం, మాటను వృత్తి చేసేవారి నోటినుండియే సేకరించే మార్గాన్ని చూపినది. విద్యార్థికి ఈ రెండు దారులూ కావలెను.

నిర్వచనం చాలని చోట బొమ్మ పలుకుతుంది. అచ్చు అన్న మాటనే చూడండి. వ్యాకరణంలో అది స్వరం, కంసాలికి మూస, మనకు ముద్రణ. పంక్తుల నడుమ ఎడాన్ని లెడ్డింగు అనడం దేనికని నేటి విద్యార్థి అడిగితే, రెండు వరుసల సీసపక్షరాల మధ్య దూర్చిన పలుచని సీసపు బద్దను గీసి చూపితే చాలును. సీసపు అక్షరం ఒంటిమీద ఒక గాడి ఉంటుంది. కంపోజిటరు కంటితో వెదకక వ్రేలితోనే దానిని తడిమి, అక్షరం ఏ వైపు తిరిగి ఉన్నదో గ్రహించి, తలక్రిందులుగా స్టిక్కులో పేర్చేవాడు. ఇది పేరా వ్రాసినా తెలియదు. బొమ్మలో క్షణంలో తెలుస్తుంది.

కాగితపు మడత కూడ ఇట్టిదే. ఒక తావును మూడుమార్లు మడిస్తే పదునారు పుటలు. విప్పి చూస్తే ఒకటవ పుట ప్రక్కన పదునారవది, నాలుగు ప్రక్కన పదమూడు. వెన్ను మడతకు ఇరుప్రక్కల ఉండే జంట పుటల సంఖ్యలు కూడితే ఎప్పుడూ 17. చివరి నిమిషంలో ఒక పుట చేర్చుమని కోరే రచయిత ఈ ఒక్క చిత్రాన్ని చూస్తే మేలు.

అసలు చిక్కు తెలుగు లిపి దగ్గర వస్తుంది. ఆంగ్ల దీపికలలోని బొమ్మను తెచ్చి, పేర్లు మాత్రం మార్చి అతికించే పద్ధతిని నేను ఒప్పుకొనను. మనకు పెద్దబడి చిన్నబడి అక్షరాల భేదం లేదు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, వత్తు అని ఓనమాల నాడే నేర్చిన పేర్లు ఉండగా కొత్త పేర్లు కల్పించడమెందుకు? కార్త్స్న్యం అన్న మాటను విద్యార్థి పెద్దదిగా గీయవలెను. అందులో ఒక్క అక్షరం క్రింద నాలుగు వత్తులు. వెనుకటి పద్ధతిలో వలపలగిలక వేస్తే మూడే. దానికి దిగువ పంక్తిలో గుడిదీర్ఘంతో స్త్రీ అన్న మాటను ఉంచి, ఎడం తగ్గించి చూపితే, పై వత్తులు క్రింది గుడిని తాకుతవి. తెలుగు పుటకు ఎడం ఎందుకు ఎక్కువ కావలెనో అప్పుడు వేరే చెప్పనక్కరలేదు. ఆంగ్లపు కొలతతో మన కవితాసంపుటాలను ఇరికించిన ప్రచురణలు ఇప్పటికీ కనబడుతున్నవి.

బొమ్మ ముగిసిన పిమ్మట పేర్లు వ్రాయక ఖాళీగా ఉంచి, పాత కంపోజిటరు ఎవరైనా ఉంటే ముందుగా ఆయనకు చూపవలెను. ఆయన స్టిక్కు అంటే స్టిక్కనే వ్రాసికొనవలెను; సంస్కృతంలో ఒక పదం కట్టి ఆయన నోట పెట్టరాదు. పిదప అదే బొమ్మను ప్రూఫు దిద్దేవారికి, ఒక రచయితకు ఇచ్చి, ఎవరు ఏ భాగం దగ్గర ఆగిపోయినారో గుర్తించి, అక్కడి గీతలను మరల గీయవలెను.