బైరి డేగ

బైరి డేగ కొండ చరియలపై గుడ్లు పెట్టే వేటపక్షి. దీని శాస్త్రీయ నామం ఫాల్కో పెరిగ్రినస్. అంటార్కిటికా మినహా అన్ని ఖండాలలోనూ నివసిస్తుంది. పక్షులన్నిటిలోనూ అత్యధిక వేగం దీనిదే. హైదరాబాదు పరిసరాలలో శీతాకాలంలో కనిపిస్తుంది.

లక్షణాలు

ఇది దాదాపు కాకి పరిమాణంలో ఉంటుంది. ఆడపక్షి మగపక్షి కంటే పెద్దది. కంటి కింద మీసం వంటి నల్లని చార దీని గుర్తు. భారతదేశంలో ముఖ్యంగా రెండు ఉపజాతులు ఉన్నాయి. కాలిడస్ ఉత్తర ధ్రువ ప్రాంతం నుండి చలికాలంలో వలస వస్తుంది. షాహీన్ అని పిలిచే పెరిగ్రినేటర్ ఇక్కడే స్థిరంగా నివసిస్తుంది. దీని పొట్ట ఇటుక రంగులో ఉంటుంది.

వేట

పావురాలు, చిలుకలు వంటి పక్షులు దీని ఆహారం. చాలా ఎత్తుకు చేరి, రెక్కలు ముడిచి, గంటకు 300 కి.మీ. మించిన వేగంతో ఎరపైకి దూకుతుంది. పట్టిన పక్షి మెడ ఎముకను ముక్కు అంచున ఉన్న పంటి వంటి మొనతో తెంపుతుంది.

సంతానోత్పత్తి

బైరి డేగ పుల్లలతో గూడు కట్టదు. రాతి అంచు మీది మట్టిలోనో, కంకరలోనో చిన్న గుంట చేసి సాధారణంగా 3 లేదా 4 గుడ్లు పెడుతుంది. సుమారు నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు ఆరు వారాలకు ఎగరగలుగుతాయి.

నగరాలలో బైరి డేగ

ఎత్తైన భవనం ఈ పక్షికి కొండ చరియ వంటిదే. న్యూయార్క్, లండన్ నగరాలలో ఇది భవనాలపైనే పిల్లలను పెంచుతున్నది. హైదరాబాదులోని మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు గుట్టలతో నిండి ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ విస్తరించింది. నిర్మాణాల కొరకు అనేక గుట్టలను పేల్చివేశారు. ఈ శిలలను కాపాడటానికి 1996 నుండి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ కృషి చేస్తున్నది.

పావురాల పూర్వీకులు కూడా రాతి చరియల పక్షులే. అందువలన అవి భవనాల అంచులలో సులభంగా స్థిరపడి, డేగకు ఆహారమవుతాయి. అయితే నున్నని అద్దాల గోడపై గుడ్లు నిలిచే చోటు ఉండదు. వేగంగా ఎగిరే పక్షులు అద్దాలను గుద్దుకొని చనిపోయే ప్రమాదం కూడా ఉంది. కొన్ని దేశాలలో భవనాల పైభాగాన కంకర నింపిన పెట్టెలను అమర్చి ఈ లోటు తీరుస్తున్నారు.

సంరక్షణ

1950, 60 దశకాలలో డీడీటీ వాడకం వలన గుడ్ల పెంకులు పలుచబడి, ఐరోపా, ఉత్తర అమెరికాలలో ఈ పక్షులు బాగా తగ్గిపోయాయి. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. సంఖ్య కోలుకోవడంతో 1999లో ఈ పక్షిని అక్కడి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుండి తొలగించారు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీనిని వేటాడటం నేరం.