ఎముక ఎలా విరుగుతుంది?

ఎవరికైనా ఎముక విరిగిందనగానే మనం “ఎంత ఎత్తునుంచి పడ్డాడు?” అని అడుగుతాం. వైద్యుడు మాత్రం “ఎలా పడ్డాడు?” అని అడుగుతాడు. అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

ఎముక వట్టి రాయి కాదు. సున్నపు లవణాలు దానికి గట్టితనాన్నీ, కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులు సాగే గుణాన్నీ ఇస్తాయి. కోడి ఎముకను కొన్ని రోజులు వెనిగర్‌లో నానవేసి చూడండి. లవణాలు కరిగి, ఎముక రబ్బరులా వంగుతుంది. నిప్పులో కాలిస్తే పోగులు మాడిపోయి పెళుసుబారుతుంది.

తొడ ఎముక గట్టి భాగాన్ని నిలువునా నొక్కితే చదరపు సెంటీమీటరుకు సుమారు 1,700 కిలోల బరువు భరిస్తుంది. సాగదీస్తే 1,300 కిలోల ప్రాంతంలోనే తెగుతుంది. మెలిపెడితే 700 కిలోలు చాలు!

కర్రలాగే ఎముక వంగినప్పుడు ఒక పక్క నొక్కుకుంటుంది, ఎదుటి పక్క సాగుతుంది. బీట మొదలయ్యేది సాగిన పక్కనే. అందుకే బండి గుద్దిన కాలిలో పగులు దెబ్బకు ఎదుటి వైపు పుట్టి, ఒక్కొక్కప్పుడు దెబ్బ తగిలిన వైపుకు వచ్చేసరికి రెండుగా చీలి, ముక్కోణపు ముక్కను విడదీస్తుంది.

ఇక మెలి. ఒక సుద్దముక్కను రెండు చేతులా పట్టి మెలిపెట్టండి. అడ్డంగా తెగదు, మరమేకు చుట్టులా ఏటవాలుగా విరుగుతుంది. పాదం గుంటలో ఇరుక్కుని ఒళ్ళు తిరిగినవాడి కాలి ఎముకా అంతే.

పిల్లల ఎముక పచ్చి వేపపుల్ల వంటిది. ఒక పక్క చిట్లి, రెండో పక్క వంగి ఊరుకుంటుంది. వృద్ధుల ఎముక ఎండుపుల్ల. గడపలో కాలు జారినా తుంటి విరగవచ్చు.

తాటిచెట్టు మీదనుంచి మడమలపై పడిన గీత కార్మికుణ్ణి తలచుకోండి. ఆ అదురు మడమలో ఆగదు. కాళ్ళగుండా పైకి పాకి వెన్నుపూసను కూడా నలగగొట్టవచ్చు. అతను “మడమే నొప్పి” అంటాడు. చుట్టుపక్కలవారు జాలిపడి చంకల్లో చేతులు వేసి లేపి కూర్చోబెడతారు. నలిగిన పూస కదిలి వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు శాశ్వతంగా పడిపోవచ్చు.

కాబట్టి అలా పడినవారిని లాగి లేపకండి. నడుము, మెడ కదలకుండా పలకమీదనో తలుపుచెక్క మీదనో పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి. విరిగిన కాలూ చేయీ సరిచేయబోక, ఉన్నదున్నట్టే బద్దలు ఆనించి కట్టండి. వేళ్ళు చల్లబడినా, నల్లబడినా కట్టు వదులు చేయండి. అన్నిటికంటె ముఖ్యం, ఎలా పడ్డాడో చూసినవారు వెంట వెళ్ళి వైద్యునికి చెప్పండి. మడమకు ఎక్సురే తీస్తే వెన్నుపూస కనిపించదు. నడుముకు కూడా తీయాలని తోచేది మీ మాట విన్నాకనే.