దగ్గుమందు సీసాలో ఏముందో ఎలా తెలుస్తుంది?

2022లో గాంబియా దేశంలో పదుల సంఖ్యలో పసిపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఆ మరణాలకు కారణమని అనుమానించిన దగ్గుమందులను పరీక్షిస్తే డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థాలు బయటపడ్డాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఇది కొత్త సంగతేమీ కాదు. 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిపిన మందు తాగి వందమందికి పైగా పోయారు.

మందులో వాడే గ్లిజరిన్ రంగులేనిది, చిక్కనిది, తియ్యనిది. ఈ విషమూ అంతే. కంటికీ నాలుకకూ తేడా తెలియదు. మరి పరీక్షకులకు ఎలా తెలిసింది?

మా తరగతిలో నేను స్పిరిట్ దీపం మంటలో చిటికెడు ఉప్పు వేస్తాను. మంట పసుపుపచ్చగా మారుతుంది. అది సోడియం గుర్తు. మైలుతుత్తం వేస్తే ఆకుపచ్చన, అది రాగి. 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం వేళ, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన గుంటూరు నుంచే సూర్యుని వర్ణపటాన్ని పరిశీలించాడు. సోడియం గీతకు దగ్గరగా ఉన్నా దానితో కలవని ఒక పసుపు గీత ఆ ఏడాదే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. అదే హీలియం. పిల్లలకు ఈ మాట చెప్పినప్పుడల్లా, ‘మన గుంటూరేనా సార్?’ అని అడుగుతారు.

అయితే మంట మూలకాన్నే చెబుతుంది. గ్లిజరిన్‌లోనూ విషంలోనూ ఉన్నవి అవే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. తేడా అంతా పరమాణువుల అమరికలో ఉంది. అందుకని పరారుణ కాంతిని పంపుతారు. అణువులోని బంధాలు స్ప్రింగుల్లా ఊగుతూ, ఒక్కొక్కటి తనకు సరిపడిన కాంతిని మాత్రమే పీల్చుకుంటుంది. డైఇథిలీన్ గ్లైకాల్ నడుమ రెండు కార్బన్లను కలిపే ఆక్సిజన్ వంతెన ఉంది, గ్లిజరిన్‌లో లేదు. అందువల్ల రెండింటి గ్రాఫులూ వేలిముద్రల్లా వేరుగా ఉంటాయి.

రెండో పద్ధతి తూకం. మాస్ స్పెక్ట్రోమీటరు అణువుకు విద్యుదావేశమిచ్చి దాని బరువు తేలుస్తుంది: గ్లిజరిన్ 92, డైఇథిలీన్ గ్లైకాల్ 106, ఇథిలీన్ గ్లైకాల్ 62. బరువొక్కటే చాలదు సుమా! సారాలోని ఇథనాల్‌కూ, డైమిథైల్ ఈథర్ అనే వాయువుకూ బరువు 46 చొప్పునే. అప్పుడు అణువు విరిగిన ముక్కలను కూడా తూచి, తెలిసిన నమూనాతో సరిపోల్చాలి.

విషం కొద్దిగా కలిసినప్పుడు పరారుణ గ్రాఫులో మిగతా పదార్థాల చాటున దాక్కుంటుంది. మందుల ప్రమాణాల్లో దీనికి అనుమతించే హద్దు 0.1 శాతమే. అంత సన్నని పాలు పట్టుకోవడానికి ముందుగా గ్యాస్ క్రొమటోగ్రఫీతో పదార్థాలను విడదీసి, ఆ తర్వాతే ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తారు.