మీకు తెలుసా? ఊటీలో పుట్టినవాడు పెట్టిన నలుపు తెలుపుల బ్యాండ్

ఇంగ్లండ్‌లోని కొవెంట్రీ నగరంలో 1977లో మొదలైన ‘ది స్పెషల్స్’ పేరు మన దగ్గర బీటిల్స్ పేరంతగా వినపడదు. కానీ రాజకీయం తెలిసిన పాట ఎంత దూరం వెళ్లగలదో చూడాలంటే ఈ బ్యాండ్ కథ తెలుసుకోవాల్సిందే. జాతి ద్వేషం వీధికెక్కి కొట్లాటకు దిగిన రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే వేదిక మీద నిలబడ్డారు. జనాన్ని గంతులేయిస్తూనే చెప్పాల్సింది చెప్పారు.

ఊటీలో పుట్టాడు

ఈ బ్యాండ్‌ను స్థాపించిన జెర్రీ డామర్స్ పుట్టింది మన ఊటీలోనే, 1955లో. తండ్రి ఆంగ్లికన్ చర్చి మతగురువు. చిన్నప్పుడే కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. కార్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ కొవెంట్రీలో డామర్స్ పెరిగాడు, అక్కడి పాలిటెక్నిక్‌లో చిత్రకళ చదివాడు. బ్యాండ్‌లో కీబోర్డు వాయించేదీ, ఎక్కువ పాటలు రాసేదీ అతనే.

చప్పట్ల సందులో పుట్టిన సంగీతం

‘స్కా’ జమైకా సంగీతం. 1950ల చివర్లో కింగ్‌స్టన్ కళాకారులు అమెరికా రేడియోలో విన్న రిథమ్ అండ్ బ్లూస్‌ను తమ పద్ధతిలోకి మలుచుకున్నారు. 1962లో జమైకాకు స్వాతంత్ర్యం వచ్చేనాటికి వీధివీధినా స్కాయే. బాబ్ మార్లీ పాడిన రెగేకు ఇది తాత వరస.

దాని నడక తెలియాలంటే ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ అంకెకో చప్పట కొట్టండి. స్కాలో గిటార్ దెబ్బ చప్పట మీద పడదు. చప్పటకూ చప్పటకూ నడుమ ఉన్న సందులో ‘చక్’మని పడుతుంది. గిటారిస్టు తీగను పూర్తిగా మోగనివ్వడు. కొట్టిన వెంటనే ఎడమచేతి వేళ్లు వదులు చేసి నాదాన్ని తుంచేస్తాడు. వింటున్నవాళ్ల మోకాళ్లు వాటంతటవే లేస్తాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బతుకుతెరువు కోసం బ్రిటన్ చేరిన కరీబియన్ కుటుంబాలతో పాటే ఈ సంగీతమూ ఓడ దిగింది.

ఏడుగురు మనుషులు, రెండు సంగీతాలు

గాయకుడు టెర్రీ హాల్, గిటారిస్టు రాడీ బయర్స్, బేస్ వాయించే హొరేస్ పాంటర్, డ్రమ్మర్ జాన్ బ్రాడ్‌బరీ, కీబోర్డు దగ్గర డామర్స్. వీళ్లు తెల్లవాళ్లు. గిటారిస్టు లిన్‌వాల్ గోల్డింగ్, గాయకుడు నెవిల్ స్టేపుల్ జమైకాలో పుట్టి, చిన్నతనంలో ఇంగ్లండ్ వచ్చినవాళ్లు.

మొదట్లో వీళ్లు కాసేపు పంక్, కాసేపు రెగే వాయించేవాళ్లు. పంక్ పరుగు, రెగే నిదానం ఒకదానితో ఒకటి పొసగలేదు. రెగే కంటే వేగంగా నడిచే పాత స్కాను పట్టుకున్నాక రెండూ కలిసిపోయాయి. పంక్ కోపానికి స్కా నడక తోడైంది.

దాడి జరిగిన రాత్రి తీసుకున్న నిర్ణయం

1978లో ‘ది క్లాష్’ బ్యాండ్ టూర్‌లో అసలు కచేరీకి ముందు స్పెషల్స్ వాయించేవాళ్లు. బ్రాక్‌నెల్ అనే ఊళ్లో నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ అభిమానులైన, గుండు గీసుకున్న స్కిన్‌హెడ్ కుర్రాళ్లు కచేరీ మీద పడ్డారు. ఇలాంటి కుర్రాళ్లకు దూరంగా పారిపోకూడదు, వాళ్ల చెవుల్లోకే మన మాట వెళ్లాలి అన్న పట్టుదల తనకు ఆ రాత్రే కలిగిందని డామర్స్ తర్వాత చెప్పాడు. నిజానికి స్కిన్‌హెడ్‌ల తొలి తరం జమైకా సంగీతాన్ని ప్రేమించినదే. ఆ సంగీతంతోనే వాళ్లను వెనక్కి పిలవాలనుకున్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 1976లో, ‘రాక్ అగెన్‌స్ట్ రేసిజం’ ఉద్యమం మొదలై ఉంది. స్పెషల్స్ ఆ గాలిలోనే ఊపిరి పోసుకుంది.

ఒకే పాట, ఒకే ట్రాంబోన్, పన్నెండేళ్ల తేడా

డాండీ లివింగ్‌స్టన్ 1967లో పాడిన ‘రూడీ, ఎ మెసేజ్ టు యూ’లో ట్రాంబోన్ వాయించినవాడు రీకో రోడ్రిగెజ్. కింగ్‌స్టన్‌లో క్రైస్తవ సన్యాసినులు నడిపిన ఆల్ఫా స్కూల్లో ఆ వాద్యం నేర్చుకున్నాడు. పేదింటి పిల్లల కోసం పెట్టిన ఆ బడి నుంచే జమైకా గర్వించే వాద్యకారులు ఎందరో వచ్చారు. 1979లో అదే పాటను ‘ఎ మెసేజ్ టు యూ రూడీ’ పేరుతో స్పెషల్స్ మళ్లీ రికార్డు చేసినప్పుడు ట్రాంబోన్ కోసం రీకోనే పిలిచారు. పాత పాటను వాడుకున్న కుర్రాళ్లు ఆ పాట పెద్దమనిషిని పక్కన నిలబెట్టుకున్నారు. ఆ గౌరవం ఈ బ్యాండ్ గురించి చాలా చెబుతుంది.

డబ్బు చాలక పుట్టిన రెండో పక్క

డామర్స్ 1979లో ‘టూ టోన్’ అనే సొంత రికార్డు లేబుల్ పెట్టాడు. దాని గుర్తు నలుపు తెలుపు గళ్లు, నల్ల సూటు వేసుకున్న ఒక బొమ్మ మనిషి. ఆ బొమ్మకు ఆధారం జమైకా బృందం వైలర్స్‌లోని పీటర్ టాష్ పాత ఫొటో. తొలి రికార్డు ‘గ్యాంగ్‌స్టర్స్’ చేసేసరికి, వెనక పక్కన వేసే రెండో పాటకు డబ్బు లేకపోయింది. స్నేహితుడు నియోల్ డేవిస్ అంతకుముందు చేసి ఉంచిన ఒక వాద్య సంగీతాన్ని ఆ పక్కన వేశారు. రికార్డు బ్రిటన్ పట్టికలో 6వ స్థానానికి ఎక్కింది. వెనక పక్క ఊరికే పోలేదు. దాని చుట్టూ పాలీన్ బ్లాక్ గాయనిగా ‘ది సెలెక్టర్’ అనే ఇంకో బ్యాండ్ తయారైంది.

క్రిసాలిస్ అనే పెద్ద కంపెనీతో ఒప్పందం కుదిరినప్పుడు కూడా డామర్స్ ఒక షరతు పెట్టాడు. కొత్త బ్యాండ్ల పాటలు టూ టోన్ పేరుతో వేసే స్వేచ్ఛ తమకు ఉండాలన్నాడు. మ్యాడ్‌నెస్, ది బీట్ వంటి బృందాల తొలి పాటలు ఆ తలుపులోంచే బయటికొచ్చాయి. 1979 నవంబరులో బీబీసీ ‘టాప్ ఆఫ్ ద పాప్స్’ కార్యక్రమంలో స్పెషల్స్, మ్యాడ్‌నెస్, సెలెక్టర్ మూడు బృందాలూ ఒకే రోజు కనిపించాయి.

డ్యాన్స్ హాలు ఇప్పుడు లైబ్రరీ

1980 ఆరంభంలో ‘టూ మచ్ టూ యంగ్’ పాట ఉన్న రికార్డు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అది స్టూడియోలో చేసింది కాదు, కచేరీల్లో రికార్డు చేసింది. ఒక పక్క లండన్‌లోని లైసియంలో, రెండో పక్క కొవెంట్రీలోని టిఫనీస్ డ్యాన్స్ హాల్లో. టిఫనీస్‌కు పాత పేరు లొకార్నో. ఆ భవనంలో ఇప్పుడు కొవెంట్రీ సెంట్రల్ లైబ్రరీ నడుస్తోంది.

దెబ్బలు తిన్నా పాట ఆపలేదు

వేదిక మీద నలుపు తెలుపులు కలిసి ఉన్నంత మాత్రాన వేదిక కింద కోపాలు చల్లారలేదు. కచేరీల్లో గొడవలు తరచూ జరిగేవి. గొడవ మొదలైతే వీళ్లు వాయించడం ఆపేసి సర్దిచెప్పేవాళ్లు. 1980లో కేంబ్రిడ్జ్ కచేరీలో అలా కలగజేసుకున్న డామర్స్, టెర్రీ హాల్‌ల మీదే పోలీసులు కేసు పెట్టారు, జరిమానా పడింది. అదే ఏడాది లిన్‌వాల్ గోల్డింగ్‌ను జాతి ద్వేషంతో దారుణంగా కొట్టారు. తేరుకున్నాక అతను ‘వై?’ అనే పాట రాశాడు. తనను కొట్టినవాళ్లను ఎందుకు కొట్టారని అడిగే పాట అది. పగ తీర్చుకుంటానన్న మాట అందులో లేదు.

చిన్న గదిలో ఒక దేశం గుబులు

‘ఘోస్ట్ టౌన్’ 1981 జూన్‌లో విడుదలైంది. అప్పటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు 25 లక్షలు దాటారు. టూర్లలో ఊరూరా తిరుగుతూ మూతపడ్డ దుకాణాలు చూశాననీ, గ్లాస్గోలో ముసలి అవ్వలు ఇంట్లోని కప్పులూ సాసర్లూ వీధిలో పెట్టుకుని అమ్ముతుంటే చూశాననీ డామర్స్ చెప్పాడు. పాట ఆ చూపులోంచి వచ్చింది.

నిర్మాత జాన్ కాలిన్స్. రికార్డింగ్ లెమింగ్టన్‌లో, ఎనిమిది ట్రాకుల మెషీన్ ఉన్న ఒక చిన్న స్టూడియోలో. ఏడుగురూ ఒకేసారి వాయించే చోటు లేదు కాబట్టి ఒక్కొక్క వాద్యాన్నీ విడివిడిగా చేర్చుకుంటూ పోయారు. మొదట గాలి ఊళ వినిపిస్తుంది. తర్వాత ఆర్గన్, చీకట్లో మెట్లు దిగుతున్నంత బెరుకుగా. మధ్యలో రీకో ట్రాంబోన్ తీరుబడిగా తన దుఃఖం చెప్పుకుంటుంది.

ఆ ఏప్రిల్‌లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ అల్లర్లతో అట్టుడికింది. జులైలో సౌతాల్, లివర్‌పూల్‌లోని టాక్స్‌టెత్ మొదలైన చోట్ల మంటలు లేచాయి. సరిగ్గా ఆ జులైలో ‘ఘోస్ట్ టౌన్’ నంబర్ వన్‌గా నిలిచింది. ఆ స్థానంలో మూడు వారాలుంది.

మనవాడి కోసం కచేరీ

1981 ఏప్రిల్‌లోనే కొవెంట్రీ నడిబొడ్డున, పట్టపగలు, భారతీయ మూలాలున్న ఒక విద్యార్థిని జాత్యహంకారులు పొడిచి చంపారు. తమ సొంత ఊళ్లో జరిగిన ఆ ఘోరానికి స్పెషల్స్ జవాబు జూన్ 20న వచ్చింది. జాతుల మధ్య సామరస్యం కోసం నగరంలోని బట్స్ స్టేడియంలో బహిరంగ కచేరీ చేశారు. విదేశాల్లో చదువుకుంటున్న పిల్లలున్న తెలుగు ఇళ్లవాళ్లు ఈ ఒక్క సంగతైనా గుర్తుంచుకోవాలి. మన రంగు పిల్లవాడి ప్రాణం పోయినప్పుడు ఆ ఊరి పాటగాళ్లు మౌనంగా కూర్చోలేదు.

శిఖరం మీదే విడిపోయారు

‘ఘోస్ట్ టౌన్’ నంబర్ వన్‌గా ఉన్న రోజుల్లోనే టెర్రీ హాల్, నెవిల్ స్టేపుల్, లిన్‌వాల్ గోల్డింగ్ బయటికి వెళ్లిపోతున్నామని చెప్పేశారు. ‘ఫన్ బాయ్ త్రీ’ అనే కొత్త బృందం పెట్టుకున్నారు. డామర్స్ మిగిలినవాళ్లతో ‘ది స్పెషల్ ఏకేఏ’ పేరుతో కొనసాగాడు. 1982లో గాయని రోడా డకార్‌తో చేసిన ‘ది బాయిలర్’ అత్యాచారాన్ని ఏ మెత్తదనమూ లేకుండా చెప్పిన పాట. రేడియోలు వేయడానికి వెనకాడినా అది బ్రిటన్ పట్టికలో 35వ స్థానం దాకా వెళ్లింది.

గంతులేయించిన విడుదల డిమాండ్

1983లో లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో నెల్సన్ మండేలా 65వ పుట్టినరోజు కచేరీ జరిగింది. మండేలా గురించి డామర్స్ వివరంగా తెలుసుకున్నది అక్కడే. అప్పటికి మండేలా జైలుకు వెళ్లి ఇరవయ్యేళ్లు దాటింది. అప్పటికే కట్టి ఉంచుకున్న హుషారైన బాణీకి ఆ పేరు జోడించాడు. ఎల్విస్ కాస్టెల్లో నిర్మాతగా, స్టాన్ క్యాంప్‌బెల్ గొంతుతో 1984లో వచ్చిన ‘ఫ్రీ నెల్సన్ మండేలా’ బ్రిటన్‌లో 9వ స్థానానికి చేరింది. ఏడుపు లేదు, ప్రసంగం లేదు. పెళ్లి ఊరేగింపులో వాయించదగ్గ ఉత్సాహం. అందుకే అంతవరకూ మండేలా పేరే వినని కుర్రకారు నోట కూడా ఆ పేరు ఆడింది.

పాటతో ఆగలేదు. 1986లో డామర్స్ బ్రిటన్‌లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా ‘ఆర్టిస్ట్స్ అగెన్‌స్ట్ అపార్థీడ్’ను స్థాపించాడు. 1988 జూన్ 11న వెంబ్లీ స్టేడియంలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ వెనుక అతని కృషి ఉంది. 60కి పైగా దేశాలు దాన్ని ప్రసారం చేశాయి. 1990 ఫిబ్రవరి 11న మండేలా విడుదలయ్యారు. అదే ఏడాది మన దేశం ఆయనకు భారతరత్న ఇచ్చి గౌరవించింది. ఊటీలో పుట్టిన డామర్స్‌ను 2014లో దక్షిణాఫ్రికా తన ‘ఆర్డర్ ఆఫ్ ది కంపానియన్స్ ఆఫ్ ఓ.ఆర్. టాంబో’ పురస్కారంతో సత్కరించింది.

టీషర్టు వేసుకున్న అమ్మాయి

2017 ఏప్రిల్‌లో బర్మింగ్‌హమ్‌లో ముస్లింలను వ్యతిరేకించే ఇంగ్లిష్ డిఫెన్స్ లీగ్ ప్రదర్శన జరిగింది. హిజాబ్ వేసుకున్న ఒక మహిళను నిరసనకారులు చుట్టుముడితే సఫియా ఖాన్ అనే యువతి అడ్డం వెళ్లింది. రెచ్చిపోతున్న మనిషి ఎదుట జేబుల్లో చేతులు పెట్టుకుని, చిరునవ్వుతో నిలబడ్డ ఆమె ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆమె వేసుకున్నది స్పెషల్స్ టీషర్టు.

అప్పటికి డామర్స్ లేకుండా బ్యాండ్ మళ్లీ కలిసింది. ఆమెను పిలిచి 2019 నాటి ‘ఎంకోర్’ ఆల్బమ్‌లో ‘10 కమాండ్‌మెంట్స్’ అనే పాట చేయించారు. స్కా దిగ్గజం ప్రిన్స్ బస్టర్ 1960లలో ఆడదానికి పది ఆజ్ఞలు వేస్తూ పాడిన పాటకు అది ఒక అమ్మాయి జవాబు. ‘గ్యాంగ్‌స్టర్స్’ పాటకు మూలం బస్టర్ పాటే. తాము ఆరాధించిన గురువు తప్పు మాటనూ ప్రశ్నించనిచ్చారు. తొలి ఆల్బమ్ వచ్చిన నలభై ఏళ్లకు ‘ఎంకోర్’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. స్పెషల్స్‌కు అదే మొదటి నంబర్ వన్ ఆల్బమ్.

ఆఖరి ఆల్బమ్‌లో అందరి నిరసన

2021లో వచ్చిన ‘ప్రొటెస్ట్ సాంగ్స్ 1924–2012’లో సొంత పాటలు లేవు. దాదాపు తొంభై ఏళ్ల నిరసన గీతాల్లోంచి ఏరిన పాటలు, జానపద బాణీలో రాసిన మాల్వినా రెనాల్డ్స్ పాట నుంచి బాబ్ మార్లీ పాట దాకా. తమకు ముందు కోపంతో, ప్రేమతో పాడినవాళ్లందరికీ అది నమస్కారం. మరుసటి ఏడాది డిసెంబరు 18న టెర్రీ హాల్ 63 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

స్పెషల్స్ గొప్పతనం పాటల్లో రాజకీయం ఉండటం ఒక్కటే కాదు. ఎవరితో కలిసి వాయించాలి, ఎవరి రికార్డు వేయాలి, ఎవరు చనిపోతే కచేరీ పెట్టాలి, ఎవరి మాటకు మైకు ఇవ్వాలి అన్న ప్రతి నిర్ణయంలోనూ వాళ్లు తమ పాటకు కట్టుబడ్డారు. ఈ ఆదివారం ఒక అరగంట వాళ్ల కోసం కేటాయించండి. ముందు ‘ఎ మెసేజ్ టు యూ రూడీ’, తర్వాత ‘ఘోస్ట్ టౌన్’, చివరికి ‘ఫ్రీ నెల్సన్ మండేలా’. ఈ వరసలోనే వినండి. ఇంట్లో కాలేజీ చదివే పిల్లలుంటే వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి.