అటకమీది డబ్బాలు

పాతయిండ్ల అటకలు దులుపునప్పుడు బయల్పడు వస్తువులలో ఇత్తడిగుండిగలకంటెను, చెక్కపెట్టెలకంటెను రేకుడబ్బాలకే చెప్పదగిన చరిత్ర యెక్కువ. ఈ మాటకు సోదరీమణులు కొందరు నవ్వవచ్చును. కాని కోనసీమలో గౌతమీతీరముననున్న మా వాడపల్లివంటి గ్రామములలో అంగడిసరకుల పేర్లు ఆడువారి నోట నెట్లు వెలసినవో, ఎట్లు మాసిపోయినవో ఆ డబ్బాలే చెప్పవలెను.

నేడు వాడపల్లి యనగానే ఏడు శనివారముల మ్రొక్కుతో వచ్చు భక్తుల సమ్మర్దము మనసున మెదలును. మా చిన్నతనమున ఇంత రద్దీ చైత్రశుద్ధ ఏకాదశి తీర్థమునాడు మాత్రమే కనబడెడిది. వేంకటేశ్వరస్వామివారి కల్యాణమునకు అవతలి రేవులనుండి జనము పడవలమీద గోదావరి దాటి వచ్చెడివారు. గాజులు, దువ్వెనలు, అద్దములు ఏడాదికి సరిపడ ఆనాడే కొనుట. 1931 మార్చి 30న ఆ రథోత్సవముననే, రథముపై గాంధీమహాత్ముని పటముంచిన సందర్భమున పోలీసులు కాల్పులు జరుపగా కొందరు ప్రాణములు గోల్పోయిరి. పరదేశపు సరకు ముట్టరాదని స్త్రీలు సయితము పట్టుపట్టిన దినములవి. ఆ కాలపు ముఖలేపనమైన అఫ్గాన్ స్నోను 1919లో పటన్‌వాలాగారు బొంబాయిలో ప్రారంభించిరి. పేరు చూడ పరదేశమును తలపించును. సరకు మాత్రము స్వదేశముదే!

ఇక డాల్డా మాట. 1937లో లీవరు సంస్థవారు దీనిని మనదేశమున విక్రయింప మొదలిడిరి. డాడా యను డచ్చివర్తకుల పేరు నడుమ లీవరువారి అక్షరము చేర్చగా డాల్డా యయ్యెనందురు. పసుపుపచ్చని డబ్బాపై ఆకుపచ్చని ఖర్జూరవృక్షము. వెన్న కాచి నేయి తీయు ఇండ్లలో పెద్దవారు దానిని వంటయింటి గడప దాటనిచ్చెడివారు కారు. పెండ్లి వచ్చి నూరు విస్తళ్లు వేయవలసిన నాడు మాత్రము ఆ పట్టుదల కొంత సడలెడిది! డాల్డా అయిపోయిన పిమ్మట డబ్బా విలువ హెచ్చెడిది. చింతపండు, కారము, వడియములు దానిలోనే. త్రుప్పుపట్టినచో అడుగున చిల్లు పొడిచి కనకాంబరపు మొక్క నాటుట. 2003లో ఆ పేరు మరియొక కంపెనీకి అమ్ముడుపోయినది. ఆ రేకుడబ్బా మరల రాలేదు. అయినను ఏ వనస్పతినైనను డాల్డా యనువారు మాలో ఇప్పటికిని కలరు.

కచ్చికతోను వేపపుల్లతోను పండ్లు తోముకొనిన యిండ్లకు బినాకా వచ్చినది. పిల్లల ఆశ దంతములమీద కాదు, పెట్టెలో దాగిన చిన్న ప్లాస్టికు జంతువుమీదనే. ఏనుగు రాలేదని ఏడ్చినవారిని ఎరుగుదుము. 1952లో మొదలైన బినాకా గీతమాలను రేడియో సిలోనునుండి వినుటకు బుధవారపు రాత్రి మర్ఫీ రేడియో యున్న యింటి అరుగు నిండిపోయెడిది. హిందీ తెలియనివారును వినెడివారు. పగటివేళ 1948లో వెలసిన విజయవాడ కేంద్రమే దిక్కు. రేడియో కొనుటతో తీరెడిది కాదు. ఏటేట తపాలాకచేరిలో లైసెన్సు సొమ్ము చెల్లింపవలసి యుండెడిది. బినాకా కొన్నాళ్లకు సిబాకా యయి, తుదకు కాల్గేటువారి చేత బడినది.

ఈ వస్తువులను ముచ్చటగా తలచుకొనునప్పుడు ఒక సంగతి మరువరాదు. బెంగుళూరిలో 1961 మొదలు తయారైన హెచ్.ఎం.టీ. గడియారము, మర్ఫీ రేడియో, సైకిలు అల్లుని కోరికల పట్టికలో ముందువరుసన నుండెడివి. ఆడపిల్ల తండ్రి వరిచేను తాకట్టు పెట్టి కొన్న వాచీని చూచి మనము మురిసితిమి. ఆ గడియారముల తయారీ 2016లో నిలిచిపోయినది. కట్నపు పట్టిక మాత్రము ఆగలేదు, అందలి పేర్లు మారినవి!

మందుల పేర్లలో మాకు ఎక్కువ ఋణమున్నది. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు స్థాపించిన అమృతాంజనమే వారి ఆంధ్రపత్రికకు ఊత. పత్రిక 1991లో ఆగినది. అంజనము నేటికిని తలనొప్పికి పనిచేయుచున్నది. మదరాసు కేసరికుటీరమునుండి లోధ్ర యను స్త్రీల యౌషధము వచ్చెడిది. ఆ కుటీరాధిపతి డాక్టరు కే. ఎన్. కేసరిగారే 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణ మిచ్చు వాడుక నెలకొల్పిరి. 1934లో తొలి కంకణము కనుపర్తి వరలక్ష్మమ్మగారిది. బడి మాని యింట కూర్చున్న బాలికలకు సీసాపై అతికిన కాగితము, మందుతో వచ్చిన కరపత్రము చదువుపుస్తకములే. కూడబలుకుకొని చదివి నేర్చినవారు మా బంధువర్గముననే కలరు.

ఇన్ని కంపెనీల పేర్లు పోవుచుండగా, ప్రక్కనున్న ఆత్రేయపురమున ఏ కంపెనీయు పేరు పెట్టని వస్తువొకటి నిలిచినది. బోర్లించిన కుండ క్రింద మంట పెట్టి, బియ్యపుజావలో ముంచిన గుడ్డను కుండపై పరచి లాగగా పొరవంటి రేకు వచ్చును. పొగలో కూర్చుండి ఆ పని చేయువారిలో స్త్రీలే హెచ్చు. నేయియు, బెల్లమో పంచదారయో చేర్చి మడిచిన ఆ పూతరేకునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. దూరప్రాంతములకు పంపుటకు దానికిని డబ్బా కావలెను, ఇప్పటిది అట్టడబ్బా. మూతపై ఊరి పేరుండును. రేకు తీసిన చేతి పేరు ఇంకను ఎక్కలేదు.