అధివృక్క గ్రంథి కణితులు, అధిక రక్తపోటు

అధివృక్క గ్రంథి కణితులు అనగా మూత్రపిండాల పైభాగాన టోపీ వలె అమరి ఉండే అధివృక్క గ్రంథులలో పెరిగే గడ్డలు. ఈ గ్రంథులనే వాడుకలో అడ్రినల్ గ్రంథులు అంటారు. వీటిలో పెరిగే కణితులలో అధిక భాగం క్యాన్సరు కానివి, హాని చేయనివి. అయితే కొన్ని కణితులు అవసరానికి మించి హార్మోన్లను స్రవించి రక్తపోటును విపరీతంగా పెంచుతాయి. సాధారణమైన అధిక రక్తపోటును జీవితాంతం మందులతో అదుపులో ఉంచుకోవలసిందే తప్ప పూర్తిగా పోగొట్టలేము. ఇటువంటి కణితి వలన వచ్చిన రక్తపోటును మాత్రం చాలా సందర్భాలలో శస్త్రచికిత్సతో నయం చేయవచ్చును. అందుచేత ఈ కణితులు అరుదైనవే అయినా వైద్యశాస్త్రంలో వీటికి ప్రత్యేక స్థానం ఉన్నది. నాడీకణాలను ఎలా కాపాడుకోవాలనే పరిశోధనకు కూడా ఇటువంటి ఒక కణితి నుండి తీసిన కణాలే ముఖ్య సాధనం కావడం విశేషం.

గ్రంథి నిర్మాణం

మనిషికి రెండు అధివృక్క గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు 4 నుండి 5 గ్రాముల బరువు ఉంటుంది. ఇటలీ దేశపు శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు యూస్టాకి 16వ శతాబ్దంలో వీటిని మొదటిసారి వర్ణించాడు. గ్రంథిలో రెండు భాగాలు కలవు.

వల్కలం: ఇది వెలుపలి పొర. ఇది కార్టిసాల్, ఆల్డోస్టిరాన్ మొదలైన స్టెరాయిడ్ హార్మోన్లను తయారు చేస్తుంది. ఆల్డోస్టిరాన్ మూత్రపిండాలలో ఉప్పును నిలిపి, పొటాషియంను బయటకు పంపుతుంది.

దవ్వ: ఇది లోపలి భాగం. ఇది అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అనే హార్మోన్లను స్రవిస్తుంది. పిండదశలో నాడీకణాలు ఏ కణజాలం నుండి పుడతాయో, దవ్వలోని క్రోమాఫిన్ కణాలు కూడా ఆ కణజాలం నుండే పుడతాయి. ఒక విధంగా ఇవి నాడీకణాలకు దాయాదులు. ఈ చుట్టరికమే తరువాతి పరిశోధనలకు మూలమయింది.

1894లో ఆలివర్, షేఫర్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞులు గ్రంథి సారాన్ని జంతువుల రక్తంలోకి ఎక్కించినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పెరగడం గమనించారు. 1901లో జపాను దేశస్థుడు జోకిచి తకమినె అడ్రినలిన్‌ను స్ఫటికరూపంలో వేరు చేశాడు.

రక్తపోటును పెంచే కణితులు

ఫియోక్రోమోసైటోమా: ఇది దవ్వలో పుట్టే కణితి. అడ్రినలిన్, నార్ అడ్రినలిన్ అదుపు లేకుండా రక్తంలోకి విడుదల అవుతాయి. ఉన్నట్టుండి తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళంతా చెమటలు, గుండెదడ రావడం దీని మూడు ముఖ్య లక్షణాలు. ముఖం పాలిపోవచ్చు. కొద్ది నిమిషాలలోనో గంటలోనో ఈ లక్షణాలు తగ్గిపోయి రోగి మామూలుగా కనిపిస్తాడు. అధిక రక్తపోటు ఉన్నవారిలో వెయ్యిమందికి ఇద్దరు నుండి ఆరుగురికి మాత్రమే ఈ కణితి ఉంటుందని అంచనా. 1886లో జర్మనీలో ఫ్రాంకెల్ అనే వైద్యుడు హఠాత్తుగా మరణించిన 18 ఏళ్ళ యువతి శరీరంలో రెండువైపులా ఈ కణితులను గుర్తించి వర్ణించాడు. ఆ కుటుంబపు వారసులకు జన్యుపరీక్షలు జరిపి, ఆ వ్యాధి వంశపారంపర్యమైనదని 2007లో నిర్ధారించారు. ఈ కణితి ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి జన్యులోపమే కారణమని నేడు తెలుసు. కావున ఒకరికి కణితి బయటపడితే వారి తోబుట్టువులను, పిల్లలను కూడా పరీక్షించడం అవసరం.

కాన్ వ్యాధి: ఆల్డోస్టిరాన్ ఎక్కువ కావడం వలన వచ్చే రక్తపోటు ఇది. 1955లో అమెరికా వైద్యుడు జెరోమ్ కాన్ దీనిని వివరించాడు. కొందరిలో దీనికి కణితి కారణం కాగా, మరికొందరిలో రెండు గ్రంథులూ ఉబ్బి ఉంటాయి. రక్తంలో పొటాషియం తగ్గి కండరాలు నీరసించవచ్చు. అయితే చాలామందిలో పొటాషియం మామూలుగానే ఉంటుంది కనుక అది ఒక్కటే చూసి వ్యాధి లేదనుకోరాదు. ఇది ఒకప్పుడు అనుకున్నంత అరుదైనది కాదు. అధిక రక్తపోటు ఉన్నవారిలో నూటికి 5 నుండి 10 మందికి ఇది ఉండవచ్చునని పరిశోధనలు చెబుతున్నాయి. అందువలననే అధిక రక్తపోటు ఉన్న ప్రతివారికీ ఈ పరీక్ష జరిపించడం మంచిదని అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో సూచించింది.

కుషింగ్ వ్యాధి లక్షణాలు: కార్టిసాల్ ఎక్కువైనప్పుడు ముఖం గుండ్రమై, పొట్ట పెరిగి, చర్మంపై ఊదారంగు చారలు ఏర్పడతాయి. రక్తపోటు, మధుమేహం తోడవుతాయి. అమెరికా శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ 1932లో ఈ లక్షణాలను వర్ణించాడు. కణితి లేకపోయినా, కీళ్ళనొప్పులకు, ఆయాసానికి వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగేవారిలో ఇవే లక్షణాలు కనబడతాయి. అటువంటివారు మందును ఒక్కసారిగా మానివేయడం కూడా ప్రమాదమే. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించాలి.

నిర్ధారణ

ఫియోక్రోమోసైటోమాను గుర్తించడానికి రక్తంలో గాని, 24 గంటలు సేకరించిన మూత్రంలో గాని మెటానెఫ్రిన్లు అనే పదార్థాలను కొలుస్తారు. కాన్ వ్యాధికి ఆల్డోస్టిరాన్, రెనిన్‌ల నిష్పత్తిని చూస్తారు. హార్మోన్ పరీక్షలో తేడా కనబడిన తరువాతనే సిటి స్కాన్ గాని, ఎమ్మారై గాని తీసి కణితి ఎక్కడ ఉన్నదో చూడడం సరియైన వరుస. వేరే కారణానికి పొట్ట స్కాన్ తీసినప్పుడు నూటికి నలుగురైదుగురిలో అధివృక్క గ్రంథిపై చిన్న గడ్డ కనబడుతుంది. వీటిలో చాలా భాగం ఏ హార్మోనునూ స్రవించవు. కనుక స్కాన్ నివేదికలో గడ్డ అన్న మాట చూసి భయపడనక్కరలేదు. అయితే హార్మోన్ పరీక్షలు చేయించకుండా వదలివేయరాదు.

చికిత్స

ఫియోక్రోమోసైటోమాను శస్త్రచికిత్సతో తొలగించడం 1926లో స్విట్జర్లాండులో రూ, 1927లో అమెరికాలో మేయో చేసి చూపారు. ఆ రోజులలో ఈ శస్త్రచికిత్స ప్రాణాంతకంగా ఉండేది. కత్తి తగిలినంతనే కణితి నుండి హార్మోన్లు పొంగి రక్తపోటు ఆకాశానికి ఎగసి, కణితిని తీసిన మరుక్షణం పాతాళానికి పడిపోయేది. ఇప్పుడు శస్త్రచికిత్సకు ఒకటి రెండు వారాల ముందు నుండి ఆల్ఫా నిరోధకాలనే మందులిచ్చి రక్తనాళాలను సడలిస్తారు. ముడుచుకున్న రక్తనాళాలు తెరుచుకొనే కొద్దీ వాటిని నింపడానికి నీరు, ఉప్పు కావాలి. అందుచేత ఉప్పు తగ్గించమని చెప్పే వైద్యులే ఈ రోగికి ఆ కొద్ది రోజులు ఉప్పు, నీరు ఎక్కువగా తీసుకొమ్మంటారు. 1992 నుండి చిన్న రంధ్రాల ద్వారా చేసే లాప్రోస్కోపీ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది.

ఒక ముఖ్యమైన జాగ్రత్త కలదు. గుండెదడ తగ్గడానికి వాడే బీటా నిరోధకాలను ఆల్ఫా నిరోధకాల కంటే ముందు ఇస్తే ఈ రోగులలో రక్తపోటు మరింత పెరిగి ప్రాణాపాయం కలుగవచ్చు. వాంతులు తగ్గడానికి ఇచ్చే మెటోక్లోప్రమైడ్ వంటి మామూలు మందు కూడా విషమస్థితి తేగలదు. కాబట్టి దడ, చెమట, తలనొప్పి కలిసి వచ్చేవారు సొంతంగా మందులు కొని వాడరాదు.

నాడీకణాల రక్షణపై పరిశోధన

1976లో గ్రీన్, టిష్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుక ఫియోక్రోమోసైటోమా నుండి ఒక కణవంశాన్ని తయారు చేశారు. దాని పేరు పిసి12. ఈ కణాలకు నాడీ వృద్ధి కారకాన్ని అందిస్తే అవి విభజన ఆపి, నాడీకణాల వలె పొడవైన తంతువులు చాచుతాయి. ఆ కారకాన్ని కనుగొన్న రీటా లెవీ మోంటాల్చినికి, దానిని శుద్ధి చేసిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ బహుమతి లభించింది. నాడీకణాలు ఎందుకు చనిపోతాయి, ఏ పదార్థం వాటిని కాపాడగలదు అన్న ప్రశ్నలకు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పిసి12 కణాలను వాడుతున్నారు.

ఈ కణాలతోనే రక్తపోటు పరిశోధన కూడా సాగింది. క్రోమాఫిన్ కణాలలోని క్రోమోగ్రానిన్-ఎ అనే ప్రోటీను నుండి విడివడే కాటెస్టాటిన్ అనే ముక్క, అడ్రినలిన్ జాతి హార్మోన్ల విడుదలను అణచివేస్తుందని 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సుశీల్ మహాతా బృందం కనుగొన్నది. గ్రంథి తన స్రావానికి తానే కళ్ళెం వేసుకుంటుందన్న మాట. ఈ ముక్కలో వచ్చే ఒక జన్యుభేదం భారతీయులలో అధిక రక్తపోటు ముప్పును పెంచుతున్నట్లు మద్రాసు ఐఐటిలోని నితీశ్ మహాపాత్ర బృందం 2016లో ప్రచురించింది. అంతకు ముందు 2007లో వెలువడిన అమెరికా అధ్యయనంలో అదే భేదం ఉన్న పురుషులలో రక్తపోటు తక్కువగా కనబడింది. ఒక జనసమూహంలో తేలిన ఫలితాన్ని మరొక సమూహానికి నేరుగా అన్వయించరాదని, మనవారిపై పరిశోధన మన దేశంలోనే జరగాలని దీనివలన తెలుస్తున్నది.

భారతదేశపు మూలిక సర్పగంధ ఈ కథలో మరొక పాత్ర. దీనితో రక్తపోటు తగ్గుతుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ పత్రికలో ప్రచురించాడు. దానిలోని రెసర్పిన్‌ను 1952లో వేరుచేశారు. నాడుల కొసలలోను, అధివృక్క దవ్వలోను నిలువ ఉండే నార్ అడ్రినలిన్ జాతి పదార్థాలను అది ఖాళీ చేస్తుంది. మెదడులో డోపమిన్ ప్రాముఖ్యాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్ 1957లో కనుగొన్నది రెసర్పిన్ ఇచ్చిన జంతువులపై ప్రయోగాల ద్వారానే. మనోవ్యాకులత కలిగించే గుణం ఉన్నందున ఈ మూలికను ఎవరూ సొంతంగా వాడరాదు.

ప్రయోగశాలలో నాడీకణాలను కాపాడిన మందులు మనుషులలో నెగ్గడం కష్టంగా ఉన్నది. పక్షవాతం వచ్చినవారికి మెదడు కణాలను కాపాడుతుందని ఆశపెట్టిన ఎన్‌ఎక్స్‌వై-059 అనే మందు 2006లో మొదటి పెద్ద పరీక్షలో మేలు చూపినా, 2007లో రెండవ పరీక్షలో విఫలమైనది. మరోవైపు రక్తపోటును గట్టిగా అదుపు చేసినవారిలో స్వల్ప జ్ఞాపకశక్తి లోపం తక్కువగా వచ్చిందని 2019లో వెలువడిన అమెరికా అధ్యయనం చెప్పింది. మతిమరుపు వ్యాధి తగ్గుదల మాత్రం ఖచ్చితంగా రుజువు కాలేదు. మొత్తం మీద నేటికి నాడీకణాలకు దొరికిన నమ్మకమైన రక్షణ రక్తపోటును అదుపులో ఉంచుకోవడమే.

కడప జిల్లాలో

భారతదేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023లో తెలిపింది. ఇది పట్టణాల వ్యాధి మాత్రమే కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో జరిగిన అధ్యయనంలో మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులే ప్రథమ కారణమని 2006లో వెల్లడైంది.

జమ్మలమడుగులో 19వ శతాబ్దం చివర లండన్ మిషనరీ సొసైటీ వారు నెలకొల్పిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి జిల్లాలోని పాత వైద్యశాలలలో ఒకటి. తరువాత ముఖ్యమంత్రి అయిన వై.యస్. రాజశేఖరరెడ్డి జన్మించినదీ, వైద్యునిగా కొంతకాలం పనిచేసినదీ ఇక్కడే. ఆయన 1973లో పులివెందులలో తన తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రిని స్థాపించాడు. ప్రొద్దుటూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి ఉన్నది. 2006లో కడపలో రిమ్స్ పేరుతో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడింది.

రక్తపోటు కొలవడం, మాత్రలు ఇవ్వడం ఈ పట్టణాలన్నిటిలోనూ జరిగే పనే. వినాళ గ్రంథుల నిపుణులు, అనుభవమున్న శస్త్రవైద్యులు, మత్తువైద్యులు కలిసి చూడవలసిన అధివృక్క కణితులకు మాత్రం రోగులు పెద్ద సంస్థలకు వెళ్ళవలసి వస్తుంది. 1993లో ప్రారంభమైన తిరుపతి స్విమ్స్, 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన చిన్న వైద్యశాల నుండి ఎదిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల రాయలసీమవాసులకు అందుబాటులో ఉన్నవి. పేదలకు ఖరీదైన చికిత్సల భారం తగ్గించడానికి 2007లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుండి దీనిని ఎన్.టి.ఆర్. వైద్యసేవ అంటున్నారు.

దూరం కంటే పెద్ద అడ్డంకి అనుమానం రాకపోవడం. దడ, చెమటలు విడతలు విడతలుగా వచ్చి పోవడం చూసి గాలి సోకిందని, దిష్టి తగిలిందని, గాబరా అని సరిపెట్టుకొనడం పల్లెలలో కద్దు. పరీక్ష చేసే వేళకు రక్తపోటు మామూలుగా ఉండవచ్చు. లక్షణాలు ఉన్న సమయంలోనే రక్తపోటు కొలిపించి ఆ అంకెలను తేదీతో సహా రాసిపెట్టుకుంటే వైద్యునికి అది విలువైన ఆధారం అవుతుంది.

ఎవరికి పరీక్షలు అవసరం

కింది వారు అధివృక్క గ్రంథి పరీక్షల గురించి వైద్యుని అడగడం మంచిది.

30 ఏళ్ళలోపే అధిక రక్తపోటు వచ్చినవారు.

మూడు రకాల మందులు సక్రమంగా వాడుతున్నా రక్తపోటు 140/90 కంటే తగ్గనివారు.

తలనొప్పి, చెమట, గుండెదడ విడతలుగా వచ్చేవారు.

రక్తంలో పొటాషియం తక్కువగా ఉన్నవారు.

మత్తుమందు ఇచ్చినప్పుడు గాని, ప్రసవ సమయంలో గాని రక్తపోటు అకస్మాత్తుగా పెరిగినవారు.

కుటుంబంలో ఇటువంటి కణితులు గాని, చిన్న వయసులో పక్షవాతం గాని వచ్చినవారు.

మిగిలినవారికి రక్తపోటు నియంత్రణ సూత్రాలు మామూలువే. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. సంగటిలోకి, జొన్నరొట్టెలోకి వేసుకొనే ఊరగాయలో, అప్పడాలలో ఉన్న ఉప్పు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. రక్తపోటు తగ్గిందని మాత్రలు మానివేయరాదు. తగ్గినది మాత్రల వలననే. మూతి వంకరపోవడం, మాట తడబడడం, ఒకవైపు చేయి లేదా కాలు పట్టు తప్పడం పక్షవాత లక్షణాలు. రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. పులివెందుల నుండి కడపకు సుమారు 70 కి.మీ. దూరం కనుక తెల్లవారేదాకా వేచిచూడక వెంటనే 108 వాహనాన్ని పిలవాలి.