పిరుదులకు కొవ్వు మార్పిడి: ముందు బరువు సంగతి తేల్చుకోండి

సన్నని నడుము, నిండైన పిరుదులు అందానికి లక్షణాలని మన కావ్యాలలో కవులు తనివితీరా వర్ణించారు. ఆ రోజుల్లో పుట్టుకతో వచ్చిన ఆకారంతో సరిపెట్టుకోవలసిందే. ఈ రోజుల్లో అలా కాదు. పొట్ట మీదో, తొడల మీదో పేరుకున్న కొవ్వును తీసి పిరుదులలో నింపే ఆపరేషను వచ్చింది. దీనినే 'బ్రెజిలియన్ బట్ లిఫ్ట్' అంటున్నారు. సినిమా తారల ఫొటోలు చూసి మన పట్టణాలలోని ఆడపిల్లలు కూడా దీని గురించి ఆరా తీస్తున్నారు.

బ్రెజిల్ దేశపు ప్లాస్టిక్ సర్జను ఇవో పిటాంగీ 1960లలో పిరుదుల ఆకృతిని సరిదిద్దే ఆపరేషనుకు పేరు తెచ్చాడు. ఆయన చేసినది చర్మాన్ని కోసి, పైకి లాగి కుట్టడం. నేడు ఆ పేరుతో చేస్తున్నది వేరు. ఇందులో పైకి ఎత్తేది ఏమీ లేదు. ఉన్న కొవ్వును ఒకచోటినుంచి మరొకచోటికి మార్చడమే. కాబట్టి ఆపరేషను ఫలితమూ, అందులోని ప్రమాదమూ మనిషి బరువుతో ముడిపడి ఉంటాయి. ఈ సంగతి తెలియక కొందరు ఆపరేషను కోసమని తిని లావెక్కుతారు. మరికొందరు ఆపరేషను అయిన మర్నాటినుంచే పస్తులుంటారు. రెండూ పొరపాటే.

అసలు ఏం చేస్తారు?

ముందు మత్తు ఇస్తారు. పొట్ట, నడుము, తొడలలో చర్మం కింద మందు కలిపిన ద్రవం ఎక్కించి, సన్నని గొట్టంతో కొవ్వును పీలుస్తారు. అలా వచ్చినదానిలో రక్తం, ద్రవం కలిసి ఉంటాయి. వాటిని వేరుచేసి, మిగిలిన శుభ్రమైన కొవ్వును పిరుదులలో చర్మం కింద కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పీల్చినదంతా ఎక్కించడానికి పనికిరాదు కనుక, కావలసినదానికంటె ఎక్కువే తీయవలసి ఉంటుంది.

ఎక్కించిన కొవ్వు కణాలు నారుమడినుంచి పీకి పొలంలో నాటిన నారు వంటివి. కొత్తచోట వేళ్లూనుకుంటేనే బతుకుతాయి. వాటి చుట్టూ కొత్త రక్తనాళాలు పుట్టి, ఆహారం అందాలి. అందనివి చనిపోతాయి, శరీరం వాటిని తనలో కలిపేసుకుంటుంది. ఎంత నేర్పుగా చేసినా కొంత భాగం మొదటి కొన్ని నెలల్లో కరిగిపోక తప్పదు. అలాగని ఒకేచోట మరీ ఎక్కువగా కుక్కితే లోపలి కణాలకు రక్తం అందక గట్టి గడ్డలు కడతాయి.

ఎంత బరువు ఉండాలి?

'ఇన్ని కిలోలు' అని ఒక అంకె చెప్పడానికి లేదు. ఎత్తునుబట్టి బరువును చూడాలి. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోల బరువు ఉన్న స్త్రీకి ఇది 25. అదే స్త్రీ 77 కిలోలు ఉంటే 30 దాటుతుంది. 30 దాటినవారిని చాలామంది సర్జన్లు ముందు బరువు తగ్గి రమ్మంటారు. మన భారతీయులకు షుగరు, గుండెజబ్బు తక్కువ బరువులోనే వస్తున్నాయి కనుక, మనకు 23 దాటితే అధిక బరువుగాను, 25 దాటితే స్థూలకాయంగాను లెక్కించాలని మన దేశపు వైద్యనిపుణులు 2009లో సూచించారు.

అంకె ఎంత ముఖ్యమో, అది నిలకడగా ఉండటమూ అంత ముఖ్యం. కనీసం ఆరు నెలలపాటు బరువు పెద్దగా పెరగక, తరగక ఉన్నవారే దీనికి తగినవారు. కాన్పు అయినవారు బిడ్డ పాలు మానేసి, ఒళ్లు మామూలు స్థితికి వచ్చేదాకా ఆగాలి.

సన్నగా ఉన్నవారు తిని లావెక్కవచ్చునా?

"తీయడానికి కొవ్వు చాలదు, కొన్ని కిలోలు పెరిగి రండి" అని చెప్పే క్లినిక్కులు ఉన్నాయి. ఇది మంచి సలహా కాదు. తిన్న కొవ్వు ఎక్కడ చేరాలో మనం నిర్ణయించలేము. కొంత పొట్టలోపల, పేగుల చుట్టూ చేరుతుంది. గొట్టంతో తీయగలిగింది చర్మం కింది కొవ్వునే గాని, ఈ లోపలి కొవ్వును కాదు. ఆపరేషను తరువాత మీరు మళ్లీ పాత బరువుకు వచ్చినప్పుడు, ఎక్కించిన కణాలు కూడా చిక్కిపోతాయి. డబ్బు, నొప్పి మిగులుతాయి, ఆకారం మిగలదు. సహజంగా సన్నగా ఉన్నవారు తమకు ఉన్న కొవ్వుతో వచ్చే కొద్దిపాటి మార్పుతో తృప్తిపడాలి. లేదా ఈ ఆలోచనే మానుకోవాలి.

లావుగా ఉన్నవారి సంగతి

"నా దగ్గర కావలసినంత కొవ్వు ఉంది, నాకేం లోటు?" అని వీరు అనుకుంటారు. కొవ్వుకు లోటు లేదు, నిజమే. కాని బరువు పెరిగినకొద్దీ మత్తులో శ్వాస ఇబ్బందులు, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం, గాయం చీము పట్టడం వంటివి పెరుగుతాయి. షుగరు, రక్తపోటు, నిద్రలో శ్వాస ఆగే గురక ఉంటే మరీను.

పైగా ఇది బరువు తగ్గించే ఆపరేషను కాదు. ఒక లీటరు కొవ్వు తూకం కిలో కూడా ఉండదు. అందులోనూ కొంత మళ్లీ మీ ఒంట్లోకే చేరుతుంది. ఎక్కువ బరువు తగ్గినవారికి చర్మం వేలాడుతూ ఉంటే, కొవ్వు నింపినంత మాత్రాన అది బిగియదు.

బరువు తగ్గడానికి వారం వారం ఇంజక్షన్లు తీసుకుంటున్నవారు ఆ మాట దాచకూడదు. ఈ మందులతో కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. పరగడుపున వచ్చినా లోపల ఆహారం ఉండవచ్చు. మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. మందు ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టరు చెప్పాలి.

ప్రాణాపాయం ఎక్కడుంది?

పిరుదుల కండరాలలో పెద్ద సిరలు ఉన్నాయి. గొట్టం లోతుగా దిగి ఆ సిర చిట్లితే, కొవ్వు రక్తంలో కలిసి గుండెకు, ఊపిరితిత్తులకు చేరుతుంది. మనిషి బల్ల మీదే పోవచ్చు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ సర్వే ఈ ఆపరేషనులో సుమారు మూడువేలమందికి ఒకరు చనిపోతున్నారని అంచనా వేసింది. అందం కోసం చేసే ఆపరేషనుకు ఇది చాలా ఎక్కువ. 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలు కలిసి, కొవ్వును కండరంలోకి ఎక్కించవద్దని, చర్మం కింది పొరలోనే ఉంచాలని హెచ్చరించాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2019లో కండరంలోకి ఎక్కించడాన్ని నిషేధించింది. 2022లో ఒక సర్జను రోజుకు మూడుకు మించి ఈ ఆపరేషన్లు చేయరాదని కట్టడి చేసింది. ఈ జాగ్రత్తల తరువాత మరణాలు తగ్గాయి, కాని ప్రమాదం పూర్తిగా పోలేదు.

ఆపరేషను తరువాత

రెండు మూడు వారాలు, డాక్టరు చెబితే ఇంకా ఎక్కువ, పిరుదుల మీద బరువు ఆనించి కూర్చోకూడదు. బోర్లా లేదా పక్కకు పడుకోవాలి. అలాగని మంచం దిగకుండా ఉండరాదు. రక్తం గడ్డకట్టకుండా మెల్లగా నడవాలి. చవకగా అవుతుందని పరదేశం వెళ్లి, వెంటనే గంటల తరబడి విమానంలో కూర్చుని తిరిగి రావడం ఎన్నో విధాల చేటు.

మొదటి మూడు నెలలు పస్తులు, కఠినమైన పథ్యాలు వద్దు. పప్పు, పెరుగు, గుడ్లు, కూరగాయలతో మామూలు భోజనం చేయండి. ఆ తరువాత బరువు పెరిగితే నాటిన కొవ్వూ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆరోగ్యం కోసం బరువు తగ్గవలసినవారు ముందే తగ్గి, తరువాత ఆపరేషను ఆలోచించడం మేలు.

ఊపిరి అందకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా, పిక్క వాచినా, జ్వరం తగిలినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లండి.

డాక్టరును ఏం అడగాలి?

ఆయన ప్లాస్టిక్ సర్జరీలో శిక్షణ పొందినవారేనా? కొవ్వును ఏ పొరలో ఎక్కిస్తారు? గొట్టం కొన ఎక్కడుందో అల్ట్రాసౌండుతో చూస్తూ చేస్తారా? మత్తు డాక్టరు వేరుగా ఉంటారా? ప్రమాదం జరిగితే అక్కడ ఐ.సి.యు. ఉందా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట ఆపరేషను చేయించుకోకండి. మీరు కూడా సిగరెట్లు, గర్భనిరోధక మాత్రలు, ఆస్పిరిను, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టే జబ్బు ఉందా అన్న సంగతులు దాచకుండా చెప్పండి. బ్యూటీ పార్లరులో సిలికాను ఇంజక్షను ఇస్తామంటే మాత్రం దగ్గరకు కూడా పోవద్దు.

గుంజీలు, మెట్లెక్కడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామం వారానికి మూడు నాలుగుసార్లు చేస్తే పిరుదుల కండరాలు బలపడి, కొంత నిండుదనం వస్తుంది. ఖర్చు లేదు, కత్తి లేదు. ఆరు నెలలు ఇలా చేసి, బరువు నిలకడగా ఉంచుకుని, అప్పటికీ కోరిక తీరకపోతే సర్జను దగ్గరకు వెళ్లండి. "మీ బరువుకు ఇది తగదు" అని ఆయన అంటే కోపగించుకుని మరో క్లినిక్కు వెతుక్కోవద్దు. మీ మేలు కోరి చెప్పిన మాట అది.